పట్టాలో పేరు, తరికాలో వాటా
నెల్లూరు తీర ముస్లిం కుటుంబాలలో భూమి హక్కు పత్రాలు, వారసత్వం

తెలుగులో మనం వాడే 'వారసుడు' అన్న మాట అరబ్బీ 'వారిస్' నుండి వచ్చింది. దాని చివర సంస్కృత ప్రత్యయం చేర్చి 'వారసత్వం' అనుకున్నాము. పాత రెవెన్యూ రికార్డులలోని 'మిరాసీ' కూడా ఆ ధాతువు నుండి పుట్టిన 'మీరాస్'కు రూపాంతరమే. నెల్లూరు జిల్లాలో ఏ మతానికి చెందిన రైతు తహసీల్దారు కచేరీకి వెళ్ళినా, తెలియకుండానే ఫిఖ్‌హ్ గ్రంథాల పరిభాషలో మాట్లాడతాడు. అయితే మాట వచ్చినంత సులువుగా, ఆ మాట వెనుక ఉన్న శాస్త్రం కచేరీ కాగితాలలోకి రాలేదు. ఆ కాగితాలకూ శాస్త్రానికీ మధ్య మిగిలిన ఖాళీలోనే మన కుటుంబాలలో ఆడపిల్లల వాటాలు, కొన్నిచోట్ల కష్టపడి సంపాదించిన కొడుకుల సొమ్ము కూడా కనబడకుండా పోతున్నవి.

వారసత్వంలో ప్రశ్నలు రెండు. వారసులెవరు, ఎవరికెంత అనేది మొదటిది. దీనికి దివ్యఖుర్ఆన్ 'అన్నిసా' అధ్యాయంలోని 11, 12, 176 ఆయతులు అంకెలతో సహా జవాబు చెప్పినవి. పంచవలసిన ఆస్తి ఏది అనేది రెండవది. మృతుడు వదలిన ఆస్తిని ధర్మశాస్త్రం 'తరికా' అంటుంది. అతని స్వంతమైనదే తరికా అవుతుంది. స్వంతమైనదేదో తేల్చడానికి ఖుర్ఆన్ ఆయతు కాదు, దస్తావేజు, పట్టా, సాక్ష్యం కావాలి. మొదటి ప్రశ్న మీద మన ఉలమాలు ఎన్నో ప్రసంగాలు చేశారు. కుటుంబాలు విడిపోతున్నది మాత్రం రెండవ ప్రశ్న దగ్గర.

హనఫీ న్యాయం ప్రకారం తరికా నుండి ముందు అంత్యక్రియల ఖర్చు, పిమ్మట అప్పులు, ఆ తరువాత మూడోవంతుకు మించని వసీయత్తు చెల్లించాలి; మిగిలినది వారసులది. భార్యకు బకాయిపడిన మహర్ కూడా అప్పే. వారసుల హక్కు పుట్టేది మరణించిన క్షణంలోనే. కచేరీలో పేరు ఎక్కిన నాడు కాదు, అప్పులు తీరిన నాడు కూడా కాదు. 1885లో అలహాబాదు హైకోర్టు పూర్తి ధర్మాసనం ఎదుట జఫ్రీ బేగం కేసులో జస్టిస్ సయ్యద్ మహమూద్ ఈ సూత్రాన్ని అరబ్బీ మూలాల నుండి విపులంగా నిరూపించారు. అంతకు ముందు తండ్రి బ్రతికి ఉండగా కొడుక్కు గాని కూతురికి గాని ఆస్తిలో ఏ హక్కూ ఉండదు. పుట్టుకతో వచ్చే వాటా మన శాస్త్రంలో లేదు, అవిభక్త కుటుంబమనే భావనా లేదు. అన్నదమ్ములు ఒకే పొయ్యి మీద వండుకొని తిన్నంత మాత్రాన వారి సంపాదన ఉమ్మడి కాదు. తరతరాలుగా పక్కింటి పద్ధతి చూస్తూ పెరిగిన మన రైతు కుటుంబాలకు ఈ సంగతి తెలియకపోవడం చాలా తగవులకు మూలం.

నెల్లూరు వారికి చట్టం ఇచ్చిన ఒక అనుకూలతను ఇక్కడ చెప్పాలి. 1937 నాటి షరీఅత్ వర్తింపు చట్టం సాగుభూమిని మినహాయించి మిగతా ఆస్తికే వర్తించింది. పల్లెల్లో ఆస్తి అంటే పొలమే కాబట్టి, ఆ మినహాయింపుతో చట్టంలో సగం చచ్చుబడింది. అప్పటికి నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మద్రాసు ప్రభుత్వం 1949లో 18వ నంబరు చట్టం ద్వారా ఆ మినహాయింపును తొలగించింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ సవరణ జిల్లాతో పాటే వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో ముస్లిం కూతురికి సాగుభూమిలో వచ్చేదేమిటో నేటికీ ఆ రాష్ట్ర రెవెన్యూ చట్టమే నిర్ణయిస్తుంది. మైపాడు వైపు పొలానికి ఆ చిక్కు లేదు. ఇక్కడి కూతురికి చట్టం అడ్డు రాదు. అడ్డు వచ్చేది కాగితం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందుకూరుపేట మండలంలో ఒక రైతు ఉన్నాడనుకుందాం. అతనికి తండ్రి నుండి వచ్చిన 4 ఎకరాల 80 సెంట్ల మాగాణి ఉన్నది. పెద్ద కొడుకు కువైట్ నుండి పంపిన డబ్బుతో 2 ఎకరాల 40 సెంట్ల రొయ్యల గుంట కొన్నారు; దస్తావేజు తండ్రి పేర రాయించారు. నెల్లూరు పట్టణంలో ఒక ఇంటి స్థలాన్ని తండ్రి తన డబ్బుతోనే కొని చిన్న కొడుకు పేర పెట్టాడు. ఊళ్ళోని కాలనీ ఇంటి పట్టా ప్రభుత్వం భార్య పేర ఇచ్చింది. అతడు చనిపోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు మిగిలారు. అతని తలిదండ్రులు లేరు. ఇంటిల్లిపాదీ ఒక్క ఆస్తిగా భావించే ఈ నాలుగూ శాస్త్రం దృష్టిలో నాలుగు వేర్వేరు వ్యవహారాలు.

మాగాణి లెక్క తేలికే. పిల్లలున్నారు గనుక భార్యకు ఎనిమిదోవంతు, అంటే 60 సెంట్లు. మిగిలిన 420 సెంట్లలో కొడుక్కు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. కొడుకులకు తలా 140, కూతుళ్ళకు తలా 70. చిక్కు లెక్కలో లేదు, పట్టాదారు పాసుపుస్తకంలో ఉంది. తండ్రి పోగానే కొడుకులు ధ్రువపత్రం తెచ్చి, తమ ఇద్దరి పేర్లే ఎక్కించుకోవడం మన వైపు కొత్త కాదు. అత్తవారింటికి వెళ్ళిన ఆడపిల్లను అడిగే అలవాటు లేదు. తల్లి వేలిముద్ర ఎలాగూ దొరుకుతుంది. 1971 నాటి హక్కుల రికార్డు చట్టం కింద వచ్చిన పాసుపుస్తకం గాని, 1-బి గాని, అడంగలు గాని యాజమాన్యాన్ని పుట్టించలేవని, అవి శిస్తు వసూలు కోసం ఉంచిన లెక్కలేనని సుప్రీంకోర్టు మ్యుటేషన్ల విషయంలో పలుమార్లు చెప్పింది. కనుక కూతుళ్ళ 70 సెంట్లు పాసుపుస్తకంలో లేకపోయినా చట్టంలో ఉన్నట్లే. సహవారసుడు భూమిని అనుభవిస్తున్నంత మాత్రాన అది మిగిలిన వారికి వ్యతిరేకమైన స్వాధీనం కాదని, వారి హక్కును బాహాటంగా నిరాకరించినట్లు వారికి తెలిసిన నాటి నుండే కాలపరిమితి లెక్కకు వస్తుందని 1957లో సుప్రీంకోర్టు స్థిరపరచింది.

ఈ భరోసా ఎంత దూరం పనికి వస్తుందన్నది వేరే మాట. ఆంధ్రప్రదేశ్ భూమి హక్కుల చట్టం, 2022, రిజిస్టరులో నమోదైన పేరుకు గడువు దాటాక అంతిమ హక్కును కట్టబెట్టే పద్ధతిని తలపెట్టింది. 2023లో అమలులోకి వచ్చిన ఆ చట్టాన్ని 2024లో శాసనసభ రద్దు చేసింది. అన్ని వర్గాల రైతులూ దానిని గురించి ఆందోళన చెందారు గాని, మన పత్రికలలో ఎవరూ గుర్తించని సంగతి ఒకటి ఉన్నది. అటువంటి రిజిస్టరు మొదలయ్యే నాటికి ఎవరి పేరు లేదో వారే మొదట నష్టపోతారు. పేర్లు లేనివారు కూతుళ్ళు, వితంతువులు. ఆ చట్టం పోయినా, ఆ ఆలోచన దేశంలో మళ్ళీ రాదని అనుకోవడానికి లేదు.

ఇప్పుడు రొయ్యల గుంట. దస్తావేజు తండ్రి పేర ఉంది గనుక అది తరికాలో చేరితే, 240 సెంట్లలో తల్లికి 30, కొడుకులకు తలా 70, కూతుళ్ళకు తలా 35 వస్తాయి. డబ్బంతా పంపిన పెద్ద కొడుక్కు దక్కేది 70 సెంట్లు. ఎండలో పదేళ్ళు కష్టపడి వచ్చినవాడికి ఇది అన్యాయంగా తోచడం సహజం. ముఫ్తీని అడిగితే ఆయన మొట్టమొదట వేసే ప్రశ్న, డబ్బు ఏ ఉద్దేశంతో పంపావు అని. ఇంటి ఖర్చులకు, తండ్రి ఇష్టప్రకారం వాడుకోవడానికి పంపివుంటే అది తండ్రికి ఇచ్చిన కానుక, గుంట తండ్రిదే. నా కోసం కొనిపెట్టు అని పంపివుంటే తండ్రి వకీలు మాత్రమే. గుంట కొడుకుది, తరికాలోకి రాదు. తరువాత తీర్చమని పంపివుంటే అది అప్పు. గుంట తండ్రిదే అయినా, పంపకానికి ముందు ఆ మొత్తం తరికా నుండి కొడుక్కు చెల్లాలి. డబ్బు ఒకటే, ఫలితాలు మూడు. బ్యాంకు రసీదు ఈ మూడింటిలో ఏదీ చెప్పదు. తండ్రి ఇక చెప్పలేడు.

దేశ చట్టం ఇంకా కఠినం. ఒకరి డబ్బుతో మరొకరి పేర కొనే బేనామీ ఆచారాన్ని 19వ శతాబ్దంలో ప్రీవీ కౌన్సిల్ హిందువులకూ ముస్లింలకూ సమానంగా గుర్తించింది. 1988 బేనామీ చట్టం అసలు యజమాని దావా వేసే దారిని మూసివేసింది. 2016 సవరణ భార్య లేక భర్త పేర, పిల్లల పేర తన సక్రమ ఆదాయంతో కొన్న ఆస్తిని మినహాయించింది. కాని కొడుకు తండ్రి పేర, లేక అన్న తమ్ముడి పేర కొంటే, కొన్నవాని పేరు కూడా దస్తావేజులో ఉమ్మడి యజమానిగా ఉంటేనే ఈ మినహాయింపు దొరుకుతుంది. గల్ఫ్‌లో ఉన్న మన కుర్రవాళ్ళకు ఈ చిన్న వాక్యం విలువ ఎవరూ చెప్పినట్లు లేదు. రిజిస్ట్రేషన్ రోజున తన పేరు కూడా చేర్పించుకుంటే సరిపోయేదానికి, తండ్రి పోయిన తరువాత చెల్లెళ్ళ ఎదుట ప్రమాణాలు చేయవలసి వస్తున్నది. అలా చేర్పించడం తండ్రిని అవమానించడమని కొందరు అంటారు. అప్పును వ్రాసి ఉంచుకొమ్మని ఆదేశించిన దివ్యఖుర్ఆన్ 2:282 ఆయతు గ్రంథమంతటిలోకి దీర్ఘమైనది. అది అపరిచితుల మధ్య అప్పులకే పరిమితమని ఎక్కడా లేదు.

ఇక్కడ చెల్లెళ్ళ మనస్సాక్షి ప్రశ్న కూడా వస్తుంది. అన్న తన కోసమే కొనమన్నాడని వారికి స్వయంగా తెలిసి ఉంటే, కోర్టు ఇవ్వగల 35 సెంట్లు వారికి ధర్మబద్ధం కావు. అదే విధంగా, కుటుంబ ఖర్చుల కోసమే పంపిన డబ్బును 'నా కోసం కొన్నారు' అని అన్న ఇప్పుడు అంటే, అతడు అనాథ అయిన చెల్లెలి సొమ్ము తింటున్నాడు. చట్టం ఇచ్చినదీ, షరీఅత్ ఇచ్చినదీ ఎప్పుడూ ఒకటే కావు. రెండూ ఒకటి కావాలంటే తండ్రి బ్రతికి ఉండగానే కాగితం సరిచేసుకోవాలి.

నెల్లూరు పట్టణంలోని స్థలం హిబా ప్రశ్న. హిబాకు మూడు అంగాలు: ఇచ్చేవాని ప్రకటన, పుచ్చుకొనేవాని అంగీకారం, ఖబ్జా. ఈ 'ఖబ్జా' తెలుగులోకి వచ్చి 'కబ్జా' అయి, నేడు దౌర్జన్యంగా ఆక్రమించుకోవడమనే అర్థంలో స్థిరపడింది. శాస్త్రంలో దాని అర్థం దానిని తలక్రిందులు చేసినట్లుంటుంది: ఇచ్చేవాడు తన చేతిని మనస్ఫూర్తిగా తీసివేయడం. చిన్న కొడుకు అప్పటికి మైనరు అయితే తండ్రి ప్రకటనే చాలును; సంరక్షకుడిగా ఆయన స్వాధీనమే పిల్లవాని స్వాధీనం. వయసు వచ్చినవాడైతే స్థలం అతని చేతికి నిజంగా రావాలి. పన్ను తండ్రే కట్టుతూ, అద్దె తండ్రే తీసుకుంటూ, దస్తావేజు తండ్రి పెట్టెలోనే ఉంటే, పేరు మార్చారు గాని హిబా జరగలేదని మిగిలిన వారసులు వాదించవచ్చు.

హిబాకు రిజిస్ట్రేషన్ అవసరమా? ఆస్తి బదలాయింపు చట్టం 129వ సెక్షన్ ముస్లిం హిబాను ఆ అధ్యాయం నుండి మినహాయించింది. విశాఖపట్నం నుండి వెళ్ళిన ఒక వ్యాజ్యంలో, 1968లో ఒక తండ్రి మామూలు కాగితం మీద వ్రాసియిచ్చిన హిబానామా రిజిస్టరు కాలేదు గనుక చెల్లదని రాష్ట్ర హైకోర్టు అన్నది. 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసింది. మూడు అంగాలూ ఉంటే నోటిమాట హిబా కూడా చెల్లుతుందని, దానిని కాగితం మీద పెట్టినంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని చెప్పింది. దీనిని విని సంతోషించిన వారు 1968కీ 2011కీ మధ్య ఉన్న 43 ఏళ్ళను కూడా లెక్కపెట్టాలి. చెల్లడం వేరు, నిరూపించడం వేరు. బ్యాంకు గాని కొనేవాడు గాని చూసేది ఇ.సి. మాత్రమే. నోటిమాట హిబా అందులో కనబడదు.

మరొక కొడుక్కు, కూతుళ్ళకు ఏమీ ఇవ్వకుండా ఒక్కనికే స్థలం కొనడం చట్టానికి పట్టదు. నూమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి ఒక్క కుమారునికి ఇచ్చిన కానుకకు సాక్షిగా ఉండమని కోరినప్పుడు దైవప్రవక్త (స) నిరాకరించి, పిల్లలందరి మధ్య న్యాయం పాటించమన్నారని బుఖారీ, ముస్లిం సంకలనాలలో ఉన్నది. హనఫీలు దీనిని నిషేధంగా గాక అయిష్టంగా తీసుకున్నారు. అందువల్ల హిబా చెల్లుతుంది. చెల్లుతుందన్న ఒక్క మాట పట్టుకొని మన పెద్దలు ఆ రెండవ సగాన్ని మరచిపోతున్నారు.

కాలనీ ఇంటి సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ప్రభుత్వం ఇళ్ళ పట్టాలు ఆడవారి పేర ఇస్తూ వచ్చింది. 2020 డిసెంబరులో మొదలైన పంపిణీ కూడా అంతే. పట్టా భార్య పేర ఉంటే ఇల్లు భార్యది. భర్త చనిపోతే అది అతని తరికాలోకి రాదు. కొడుకులు దానిని కూడా కలిపి పంచుకొని తల్లిని నెలకొకరి ఇంట ఉంచడం శాస్త్రరీత్యా పరుల సొమ్ము పంచుకోవడమే. భార్య ముందు చనిపోతే, పిల్లలున్నందున భర్తకు నాలుగోవంతు, మిగతాది పిల్లలకు.

తీరం వెంబడి డి-పట్టా భూములకు వేరే నియమం ఉన్నది. 1977 అసైన్డు భూముల చట్టం ప్రకారం అవి వారసులకు సంక్రమిస్తాయి గాని, అమ్మకం, దానం, తాకట్టు చెల్లవు. కనుక తండ్రి అటువంటి భూమిని హిబా చేశానన్నా అది నిలవదు. 2023 సవరణ ఇరవై ఏళ్ళు దాటిన అసైన్‌మెంట్లకు కొంత వెసులుబాటు కల్పించినా, ఏ సర్వే నంబరుకు అది వర్తిస్తుందో చూసుకోకుండా డబ్బు చేతులు మార్చరాదు. మసీదు, దర్గా సేవకు ఇచ్చిన ఇనాం భూమి అయితే అడంగలులో ఎవరి పేరున్నా ఎవరి తరికాలోనూ చేరదు. సేవ వంశపారంపర్యం కావచ్చు గాని, భూమి కాదు.

భూసేకరణ వస్తే ఈ కాగితాల బలం ఒక్కసారిగా బయటపడుతుంది. కృష్ణపట్నం రేవు 2008లో ప్రారంభమైంది. రేవు కోసం, దాని చుట్టూ వచ్చిన విద్యుత్ కేంద్రాల కోసం ముత్తుకూరు ప్రాంతంలో ఎంతో భూమి తీసుకున్నారు. నష్టపరిహారం నోటీసు వచ్చేది రికార్డులో ఉన్న పేరుకు. వాటాల మీద తగవుంటే 1894 చట్టంలో 30వ సెక్షన్, 2013 చట్టంలో 76వ సెక్షన్ ఆ తగవును విచారణకు పంపే మార్గం చూపినవి. అడిగిన వారికే ఆ మార్గం. రికార్డులో లేని కూతురికి నోటీసు రాదు. భూమి పోయినట్లు ఆమెకు తెలిసేసరికి డబ్బు ఖర్చయి ఉంటుంది. పొలంగా ఉన్నంతకాలం వాటా అడగవచ్చు, నగదు అయిన తరువాత దాని వెంట తిరగవలసిందే.

పెళ్ళినాడే ఇచ్చాం గదా, ఇక వాటా ఎందుకని ఆడపిల్లకు జవాబు చెప్పేవారున్నారు. కట్నకానుకలు వారసత్వపు వాటా కావు. తండ్రి బ్రతికి ఉండగా 'నాకు వాటా వద్దు' అని కూతురి చేత రాయించుకున్న కాగితానికి విలువ లేదు, ఎందుకంటే అప్పటికి వదులుకోవడానికి ఆమెకు హక్కే పుట్టలేదు. ప్రతిఫలం పుచ్చుకొని, ఆ కాగితం మీద మిగిలినవారిని నమ్మించి, తండ్రి పోయాక మళ్ళీ అడగడానికి వీలులేదని మాత్రం సుప్రీంకోర్టు 1973లో అన్నది. శాస్త్రం ఇచ్చిన సరియైన దారి 'తఖారుజ్': తండ్రి మరణించిన తరువాత, తన వాటా ఎంతో తెలిసి, ఒక నిర్ణీత వస్తువు లేక సొమ్ము పుచ్చుకొని వారసుడు పంపకం నుండి తప్పుకోవడం. తెలిసి అన్నదే దానిలో ముఖ్యం. లెక్క చెప్పకుండా చేయించిన సంతకం తఖారుజ్ కాదు.

ముందుజాగ్రత్త చేయదలచిన తండ్రికి మిగిలిన సాధనాలు పరిమితమైనవి. వసీయత్తు మూడోవంతుకు మించరాదు. వారసునికి వసీయత్తు మిగిలిన వారసులు మరణానంతరం ఒప్పుకుంటేనే చెల్లుతుంది. కనుక 'పెద్దవాడికి ఇది, చిన్నవాడికి అది' అని వ్రాసిన వీలునామా సాధారణంగా వట్టి కాగితమే. మరణవ్యాధిలో ఇచ్చిన హిబాకు కూడా ఈ హద్దులే. అయితే ఈ మూడోవంతు నిజంగా పనికివచ్చే చోటు ఒకటున్నది. తండ్రికంటే ముందే ఒక కొడుకు చనిపోతే, మరొక కొడుకు ఉన్నంతవరకు ఆ చనిపోయినవాని పిల్లలకు తాత ఆస్తిలో వాటా రాదు. ఈజిప్టు 1946లో తప్పనిసరి వసీయత్తు ద్వారా, పాకిస్తాన్ 1961లో ఆర్డినెన్సు ద్వారా ఈ పిల్లలకు దారి చూపినవి. మన దేశంలో అటువంటి చట్టం లేదు. వారు వారసులు కారు గనుకనే తాత వారికి వసీయత్తు వ్రాయవచ్చు. ఆ ఒక్క కాగితం వ్రాయని తాతలు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. కుటుంబ వక్ఫ్‌ను 1894లో ప్రీవీ కౌన్సిల్ కొట్టివేయగా 1913 చట్టం నిలబెట్టింది. దానిని కూతుళ్ళను తప్పించే సాధనంగా వాడుకున్న వారూ ఉన్నారు. 2025 వక్ఫ్ సవరణ చట్టంలోని ఎన్ని అంశాల మీద ఎంత వివాదమున్నా, అటువంటి వక్ఫ్ స్త్రీలతో సహా వారసుల హక్కును హరించరాదన్న ఈ ఒక్క నిబంధనతో ఫరాయిజ్ శాస్త్రానికి పేచీ లేదు.

ఆలస్యం వల్ల జరిగేది కూడా చూడాలి. సర్ విలియం జోన్స్ 1792లో ఇంగ్లీషులోకి అనువదించిన 'సిరాజియ్యా', నేటికీ మదరసాలలో ఫరాయిజ్‌కు పాఠ్యగ్రంథం, 'మునాసఖా' అనే అధ్యాయంలో పంపకం జరగకముందే వారసుడు మరణించే సందర్భాన్ని వివరిస్తుంది. మన ఉదాహరణలోని మాగాణి పంచకుండా ఉండగానే తల్లి పోయిందనుకుందాం. ఆమె 60 సెంట్లు పిల్లలకు చేరి, కొడుకులకు తలా 160, కూతుళ్ళకు తలా 80 అవుతుంది. ఆపైన పెద్ద కొడుకు భార్యను, ఒక కొడుకును, ఒక కూతురిని వదలి చనిపోతే అతని 160లో భార్యకు 20, కొడుక్కు 93 సెంట్లు పైన మూడోవంతు, కూతురికి 46 సెంట్లు పైన మూడింట రెండు వంతులు. పట్టా మాత్రం ఇంకా తాత పేరే. అంత సన్న ముక్కలు సర్వేయరు గట్లు వేసి ఇవ్వలేడు. అమ్మి డబ్బు పంచుకోవడమొక్కటే మిగులుతుంది. అమ్మాలంటే ఆరుగురి సంతకాలు కావాలి. వారిలో ఒకరు కువైట్‌లో ఉంటారు, మరొకరి పేరు ఏ కాగితంలోనూ ఉండదు.